ప్రశ్న ఎవరిది?
మన ఊళ్ళకు వచ్చిన పరిశోధనల చరిత్ర

మన ఊళ్ళకు కాగితం, కలం పట్టుకుని వచ్చేవాళ్ళు కొత్త కాదు. ఇంట్లో ఎంతమంది, ఎన్ని ఎకరాలు, ఎన్ని మేకలు, ఏం తింటారు, ఏ దేవతను కొలుస్తారు అని అడుగుతారు. మన పెద్దలు మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, తెలిసినదంతా చెబుతారు. వచ్చినవాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు. ఆ రాసుకున్నది చివరికి ఏమైందో చాలా ఊళ్ళకు ఇప్పటికీ తెలియదు.

అయితే అన్ని పరిశోధనలూ అలా వెళ్ళిపోలేదు. కొన్ని తిరిగి వచ్చాయి. ఒకటి భూమి పట్టాగా వచ్చింది, ఒకటి బడిగా వచ్చింది, ఒకటి కోళ్ళకు వేసే టీకాగా వచ్చింది, ఒకటి ఫోనులో కనబడే అక్షరంగా వచ్చింది. ఏది తిరిగి వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అన్నది మన పిల్లలకు చెప్పవలసిన చరిత్రే. పాఠ్యపుస్తకాల్లో మన పోరాటాల గురించి కొద్దో గొప్పో రాశారు గాని, దీని గురించి రాయలేదు.

గిడుగు రామమూర్తి గారితో మొదలుపెడదాం. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఆయన సవర భాష నేర్చుకున్నారన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. అప్పటికి ఆ భాషకు వ్యాకరణం లేదు, బడి పుస్తకం లేదు. ఆయన సవరల దగ్గరే కూర్చుని, మాట మాటా అడిగి నేర్చుకుని, వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. సవర భాష మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1931లో అచ్చయింది. ముందు బడి, తర్వాత పండితుల కోసం పుస్తకం అన్న ఆ వరసను మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాతి కథ ఆదిలాబాద్ అడవులది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు కలిగింది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త భార్య బెట్టీతో కలిసి వచ్చి మార్లవాయి గ్రామంలో ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు. ఎవరి భూమి ఎలా పోయింది, అటవీ రిజర్వు గీతలు ఊళ్ళను ఎలా కోశాయి, షావుకార్ల అప్పు పంటను ఎలా మింగింది అన్నదంతా రాశాడు. ఆ రాసినదాన్ని అధికారుల ముందు పెట్టాడు. దాని ఫలితంగా 1940ల చివరికి లక్ష ఎకరాలకు పైగా భూమికి గిరిజనుల పేర పట్టాలు వచ్చాయి. గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఇది ఆర్థికశాస్త్రమే. కూలి ఎంత, వడ్డీ ఎంత, శిస్తు ఎంత అని లెక్కగట్టి, ఆ లెక్కతో చట్టం తెచ్చిన ఆర్థికశాస్త్రం.

ఒక్క మాట మరచిపోకూడదు. ఆ పరిశోధన చేయించింది జోడేఘాట్ నెత్తురు. పన్నెండు ఊళ్ళ వాళ్ళు ముందుగా ప్రశ్న వేశారు. పరిశోధకుడు ఆ తర్వాతే వచ్చాడు.

1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. మన పిల్లవాడు మన మాటలో చదువు మొదలుపెట్టడం, చదువు చెప్పేవాడు మన ఊరివాడే కావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గోండికి వాడుకలో సొంత లిపి లేదనుకుని, మరాఠీ తెలిసిన ప్రాంతం కాబట్టి, ఆ వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చు వేశారు.

కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. మార్లవాయికి ఎంతో దూరం లేని గుంజాల గ్రామంలో గోండులు తమ సొంత లిపిలో రాసుకున్న చేతిరాత పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. అవి బయటి పండితుల కంటబడింది 2006 ప్రాంతంలో. జయధీర్ తిరుమలరావు గారూ, ఆయన మిత్రులూ ఆ రాతలను వెలుగులోకి తెచ్చారు. ఊళ్ళో ఆ లిపి చదవగల పెద్దలు అప్పటికి కొద్దిమందే మిగిలారు. వాళ్ళ దగ్గర కూర్చుని అక్షరాలు గుర్తించి, వాచకాలు తయారుచేశారు.

హైమన్‌డార్ఫ్‌ను తప్పుపట్టడానికి మనం ఈ మాట చెప్పడం లేదు. మనవాళ్ళు ఆయనను ఎంత తమవాడనుకున్నారంటే, 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన అస్థికలు కూడా 2012లో అక్కడికే చేరాయి. అంత దగ్గరగా మెలిగిన మనిషికి కూడా పక్క ఊళ్ళోని పుస్తకం కనబడలేదంటే, ఏడాదికోసారి జీపులో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళేవాళ్ళకు ఏం కనబడుతుంది? మన సంగతి పూర్తిగా తెలియాలంటే, వెతికేవాళ్ళలో మనమూ ఉండాలి.

మార్లవాయి బడులు కూడా ఎక్కువ కాలం అలాగే నిలవలేదు. 1956లో రాష్ట్రాలు మారాయి, బడి భాష మారింది, గోండి వాచకాలు మూలపడ్డాయి. 1940లలో వచ్చిన పట్టా భూముల్లో చాలా భాగం బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతిలో పడింది. 1970లో వచ్చిన 1/70 చట్టం కోసం మనవాళ్ళు ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. పరిశోధన ఒకసారి మేలు చేసిందని చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ మేలు నిలవదు. తల్లిభాషలో చదువు అన్న ఆలోచన మళ్ళీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లోకి రావడానికి 2004 ప్రాంతం దాకా పట్టింది. అప్పుడు గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. వాటిని రాసినవాళ్ళలో మన ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ పుస్తకాల బలం అదే.

ఇక పంటల సంగతి. విశాఖ మన్యంలో కాఫీ మన తాతల పంట కాదు. ఎత్తైన కొండల మీద అరబికా రకం బాగా వస్తుందని, దానికి నీడ కావాలని, నీడకు సిల్వర్ ఓక్ వేసి దాని మీద మిరియం పాకించవచ్చని పరిశోధన చెప్పింది. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో 1970లలో కాఫీ పరిశోధన కేంద్రం వెలిసింది. పండిన పండునే కోయడం, తొక్క తీసి కడిగి ఆరబెట్టడం నేర్చుకున్న కుటుంబాలకు ఎక్కువ ధర దొరికింది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది తిరిగి వచ్చిన పరిశోధనే. కానీ అందులో అడగని ప్రశ్న ఒకటుంది. కాఫీ తోట వేసిన వాలులో సామలు, చోళ్ళు పండవు. అమ్మే పంట పెరిగింది సరే, తినే పంట ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న మన ఇళ్ళలో ఆడవాళ్ళు అడుగుతారు. పరిశోధన కేంద్రం లెక్కలోకి అది ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నతోనే మొదలైన పరిశోధన కూడా ఒకటుంది. తూర్పు గోదావరి ఏజెన్సీలో 1990లలో ఆంత్ర అనే సంస్థలోని పశువైద్యులు గిరిజన దీపిక సంఘంతో కలిసి పనిచేశారు. మీ ఇంటి జీవాల్లో దేని గురించి మీకు బాధ అని ఆడవాళ్ళను అడిగితే, కోళ్ళు చచ్చిపోతున్నాయన్నారు. పశువైద్యం అంటే ఎద్దు, ఆవు, గేదె అనుకునే రోజులవి. కోడిని ఎవరూ పట్టించుకోలేదు. కానీ మన ఇంట్లో ఆడమనిషి చేతిలో ఆడే డబ్బు కోడిదే. పండగకు కోడి, చుట్టానికి కోడి, బిడ్డకు జ్వరమొస్తే అమ్ముకునేది కోడే.

ఏ కాలంలో ఏ జబ్బు వస్తుందో ఊరివాళ్ళే చెప్పారు. కొక్కెర తెగులు రాకముందే టీకా వేయాలన్నది అక్కడి నుంచి తేలింది. టీకాలు వేయడం, మందు మొక్కలు వాడడం ఊరివాళ్ళే నేర్చుకున్నారు. బయటి నుంచి తెచ్చిన కోడి మన పెరట్లో బతకదని, మన అసీల్ జాతినే నిలబెట్టుకోవాలని తేల్చుకున్నారు. పెట్టను పంచడానికి కూడా కొత్త పథకం రాయలేదు. మనకు వాటా పద్ధతి ఉండనే ఉంది. ఒకరు పెట్టను ఇస్తే మరొకరు పెంచుతారు, పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. ఆ పద్ధతి మీదనే కోళ్ళు ఇల్లిల్లూ చేరాయి. మన వాడుక, వైద్యుల టీకా కలిస్తే పని ఎలా జరుగుతుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

పశువుల ముసర వ్యాధి సంగతీ అంతే. మన తాతల కాలంలో ఊళ్ళకు ఊళ్ళలో పశువులను ఊడ్చిపెట్టిన జబ్బు అది. దాని మీద మన దేశం 1954 నుంచి టీకాల కార్యక్రమం నడిపింది. 2006లో దేశానికి, 2011లో ప్రపంచానికే ఆ పీడ వదిలింది. ప్రయోగశాలలో టీకా తయారైతే సరిపోదు. మందను కొండ మీది నుంచి తోలుకొచ్చి నిలబెట్టినవాడు, జబ్బు కనబడగానే కబురు పంపినవాడు లేకుంటే అది జరిగేది కాదు.

ఇప్పుడు కొత్త పరిశోధన మన ఫోనులోకి వచ్చింది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది, ఫాంటు ఉన్న ఏ యంత్రంలోనైనా ఆ అక్షరం ఒకేలా తెలుస్తుంది. 2025లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ తెచ్చిన ఆది వాణి అనువాద యాప్ సంతాలీ, భిలీ, ముండారీ, గోండి భాషలతో మొదలైంది. 2011 జనగణనలో గోండి మాట్లాడేవాళ్ళు సుమారు 29 లక్షలమంది. కొలామి మాట్లాడేవాళ్ళు దానిలో ఇరవయ్యో వంతు కూడా లేరు. యంత్రానికి భాష నేర్పాలంటే వేలకొద్దీ వాక్యాలు కావాలి. మరి చిన్న భాషల వాక్యాలు ఎవరు ఇస్తారు? ఆ వాక్యాల్లో మన పాటలు, మన మందుల పేర్లు ఉంటే వాటి మీద హక్కు ఎవరిది? గోండిలోనే తెలంగాణ వైపు తెలుగు మాటలు, మహారాష్ట్ర వైపు మరాఠీ మాటలు కలిశాయి. యంత్రం ఏ ఊరి గోండి నేర్చుకుంటుంది? ఇవి ఇంజనీర్లు ఒక్కళ్ళే తేల్చగలిగే విషయాలు కావు.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఉపాధ్యాయ మిత్రులారా, పరిశోధన పట్నంలోనే జరగాలని లేదు. ఒక నోటు పుస్తకం చాలు. మీ ఊళ్ళో కోళ్ళకు, మేకలకు ఏ నెలలో ఏ జబ్బు వచ్చిందో ఏడాది పాటు రాయండి. చింతపండు, అడ్డాకులు, తేనె వారం వారం సంతలో ఏ ధరకు పోయాయో, సంస్థ కొన్నది ఎంతకో పక్కపక్కన రాయండి. అవ్వను అడిగి విత్తనాల పేర్లన్నీ రాయండి, అవి ఎవరింట్లో ఇంకా ఉన్నాయో రాయండి. తరగతిలోని ఒక్కో పిల్లవాడు ఇంటి నుంచి పది మాటలు తెస్తే ఏడాది తిరిగేసరికి చిన్న నిఘంటువు అవుతుంది.

ఇక కాగితం పట్టుకుని ఎవరైనా మన ఊరికి వస్తే, మంచం వాల్చుదాం, మంచినీళ్ళిద్దాం. తెలిసింది చెబుదాం. వెళ్ళేముందు మాత్రం మూడు మాటలు అడుగుదాం. ఈ ప్రశ్న ఎవరిది? రాసింది మాకు చదివి వినిపిస్తారా? మళ్ళీ ఎప్పుడొస్తారు?

ఆ మూడింటికీ జవాబు చెప్పగలిగినవాళ్ళతో కలిసి పనిచేద్దాం. గుంజాల పుస్తకాల్లా మన ఇళ్ళలో ఇంకా ఏమేం దాగున్నాయో వెతికే పని మాత్రం ఎవరి రాకకోసమూ ఎదురుచూడకుండా మనమే మొదలుపెడదాం.