చిన్న ఇంజను కార్బురేటరు – దాని పూర్వోత్తరాలు

పత్తి చేనుకు పచ్చదోమ తగిలింది. గాలి నిలిచిన ఉదయం చూసుకొని మందు కొట్టుదామని పిచికారి ఇంజను వీపున వేసుకున్నారు. తాడు గుంజితే లేవదు. పది మాట్లు గుంజితే ఒకసారి బుస్సుమని ఊరకుంటుంది. మేస్త్రీ దగ్గరకు మండలం పోయి వచ్చేసరికి రెండు రోజులు గడుస్తవి; దోమ మాత్రం మన కొరకు ఆగదు. మేస్త్రీ చెప్పే మాట ఒక్కటే: "కార్బేటరు పట్టింది." ఈ కార్బేటరు, అనగా కార్బురేటరు, ఎక్కడిది, మన చేలలోకి ఎట్లా వచ్చింది, అది ఎందుకు పట్టుతుంది అనే సంగతి ఈనాడు మనవి చేస్తాను.

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్ట ప్రాంతంలో తాతల కాలాన బావి నీటికి మోటే ఆధారం. ఎడ్లు వాలుబాటలో దిగితే తోలు తొండం పైకి వచ్చి కాలువలో పోసేది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు పునాది పడింది, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలినారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఎడమ కాలువ పారింది గాని, దేవరకొండ, మునుగోడు మెట్టలకు ఆ నీరు ఎక్కలేదు. పాలమూరు చెలకల సంగతి చెప్పనే అక్కరలేదు. అక్కడ మోట తరువాత వచ్చింది ఇంజను.

ఇక్కడ ఒక తేడా గమనించండి. బావిగట్టున డుబుడుబుమని కొట్టుకొనే పెద్ద ఆయిలు ఇంజను డీజిలుది. దానికి కార్బురేటరు ఉండదు. నూనెను పంపు వత్తిడితో నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది. పెట్రోలుతో లేపి గ్యాసునూనె మీద నడిపే చిన్న పంపుకు మాత్రం కార్బురేటరు ఉంటుంది. డీజిలు ఇంజను ఆగిపోతే "కార్బేటరు విప్పుదాం" అనేవారిని నేను చూచినాను. లేనిదానిని ఎట్లా విప్పుతారు?

కార్బురేటరుకు మూలసూత్రం ఇంజనుకన్న పాతది. ఇరుకైన గొట్టంలో నీటి పోకను పరిశీలించి ఇటలీ దేశస్థుడు వెంటూరి 1797లో ప్రకటించినాడు. కాలువ ఇరుకైనచోట నీరు ఉరుకుతుంది, ఇది మీ కండ్ల ముందటిదే. ఉరికే చోట వత్తిడి తగ్గుతుంది, అదే అతను చెప్పిన రహస్యం. 1886లో జర్మనీలో బెంజి తన మోటారు బండికి పేటెంటు పొందినప్పుడు, పెట్రోలు ఉపరితలం నుంచి ఆవిరిని గాలితో కలిపి ఇంజనుకు పంపే ఏర్పాటు మాత్రమే ఉండేది. 1893లో అదే దేశపు మేబాకు సన్నని రంధ్రం గుండా పెట్రోలును తుంపరగా చిమ్మించే కార్బురేటరు తయారు చేసినాడు. అదే ఏడు హంగేరీలో బాంకి, చొంకా అనే ఇద్దరు ఇటువంటి దానికే పేటెంటు కోరినారు. మన వీపు మీది ఇంజనులోనూ ఆ 1893 నాటి ఉపాయమే పనిచేస్తున్నది.

అది జరిగే తీరు ఇది. టంకీ నుంచి పెట్రోలు ఒక చిన్న గిన్నెలోకి దిగుతుంది. గిన్నెలో తేలే ఫ్లోటు, నీళ్ళ తొట్టిలో బంతి వలె, నిండగానే సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది. ఇంజను గాలిని పీల్చగా ఆ గాలి ఇరుకు గొంతులో ఉరికి వత్తిడి తగ్గుతుంది. గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా ఎగదన్ని తుంపరై గాలిలో కలుస్తుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళ గాలి కావాలి. ఆ లెక్కను కాపాడేది వెంట్రుకలంత సన్నని ఒక రంధ్రం! చెలక దుమ్ము, టంకీ తుప్పు, ఎండిన పెట్రోలు జిగురు – ఏది అడ్డుపడినా లెక్క తప్పుతుంది.

గ్యాసునూనె పంపులు నడిపిన పెద్దలకు ఒక అలవాటు ఉండేది. ఆపే ముందు కాసేపు తిరిగి పెట్రోలు మీదికి మార్చి, గిన్నెలో గ్యాసునూనె మిగలకుండా చేసి ఆపేవారు. లేకపోతే మరునాడు ఇంజను లేవదు. బావులకు కరెంటు వచ్చిన కొద్దీ ఆ పంపులు మూలకు చేరినవి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైన తరువాత వాటి అవసరం ఇంకా తగ్గింది. 2020 ఏప్రిలులో బి.ఎస్. 6 నిబంధన వచ్చి కొత్త మోటారు సైకిళ్ళ నుంచి కూడా కార్బురేటరు దాదాపుగా తొలగిపోయింది. మిగిలిందల్లా మన పిచికారి, గడ్డికోత, కలుపుతీత యంత్రాలలోనే. పట్నంలో కొత్తగా పని నేర్చుకొనే మేస్త్రీకి దీని పరిచయం తగ్గుతున్నది. కావున, నా అభిప్రాయంలో, ఈ పని రైతే నేర్చుకోవటం మేలు.

నేను నేర్చుకొన్నది ఒక తప్పుతో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ఇంజను జెట్టులో ఇనుప తీగ పెట్టి పొడిచినాను. ఇంజను లేచింది, మెచ్చుకున్నారు కూడా. నాటి నుంచి నల్లని పొగ, పెట్రోలు రెండింతలు. రంధ్రం పెద్దదై పోయింది! కొత్త జెట్టు నేనే కొనియిచ్చినాను.

కనుక ముందు రోగం తెలుసుకోండి. టంకీలో పెట్రోలు ఉన్నదా, మూతకున్న గాలి రంధ్రం పూడినదా చూసి, తరువాత ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు రావటం లేదు: జాలి, గొట్టం, సూది, జెట్టు వరుసగా చూడాలి. తడిసి ఉంటే చోకు వేసి మరీ గుంజినారన్నా, సూది సరిగా ఆనక కారుతున్నదన్నా, నిప్పురవ్వ లేదన్నా కావచ్చు. చోకు వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతే జెట్టు కొంత పూడినదని, లేదా ఎక్కడో గాస్కెటు సందున గాలి దొంగతనంగా చొరబడుతున్నదని అర్థం. నల్లపొగ వస్తే మొదట గాలి జాలి దులపండి. సగం మాట్లు దోషం అక్కడే ఉంటుంది.

విప్పేముందు యంత్రం మీది మందు కడిగివేయాలి. నీడలో, బీడీకి దూరంగా కూర్చోండి. ప్లగ్గు తొడుగు తీసి, పెట్రోలు దారి మూసి, కింద తెల్లని పళ్ళెం పెట్టండి. చిన్న మరలు పోవు, గిన్నెలోని నీటి బొట్టు కూడా కనపడుతుంది. సర్దుబాటు స్క్రూ తీసేముందు పేచ్‌కస్‌తో మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆనిందో రాసుకోండి; తిరిగి బిగించేటప్పుడు అన్నే చుట్లు వదలాలి. ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు వస్తే అది చిల్లి పడినట్లే. జెట్టును పెట్రోలులో నానబెట్టి సైకిలు పంపుతో ఊది, వెలుతురుకు ఎత్తి చూడండి. గుండ్రని వెలుగు కనబడాలి. రబ్బరు భాగాలను నానబెట్టరాదు. గడ్డికోత యంత్రం వంటి ఒరిగి పనిచేసేవాటిలో గిన్నె, ఫ్లోటు బదులు పలుచని పొర ఉంటుంది. అది గట్టిపడితే కడిగినా లాభం లేదు, మార్చవలసిందే.

మరొక కొత్త చిక్కు. 2023 నుంచి బంకులలో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు రావటం మొదలైంది. ఇథనాలుకు గాలిలోని తేమను పీల్చే గుణమున్నది; నీరు ఎక్కువైతే అది పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. పాత యంత్రాల రబ్బరుకు కూడా పడదు. అందుచేత నూనె కలిపిన పెట్రోలు ఆ వారానికి సరిపడేంతే కలుపుకోండి. చివరి మందు కొట్టినాక టంకీ వంచి ఖాళీ చేసి, గిన్నెలోనిది అయిపోయి తానే ఆగేదాకా ఇంజనును నడపండి. ఆ తరువాతనే గుడ్డ కప్పి అటక ఎక్కించండి.