కొరాపుట్టు, రాయగడ సీమల గాజుపూసల జన్మస్థానము

ఫ్రాన్సు దేశమందలి బకరా గాజుశాలవారు 1846–1849 నడుమ చేసిన పేపరువెయిట్లు కొన్నింటి గర్భమున, రంగుగాజు పూవుల మధ్య, ‘బి’ అను అక్షరమును సంవత్సరమును పొదిగిరి. అట్టివాని పుట్టుక నిర్ణయించుట సులభము. గాజుపూసకట్టి ముద్ర లేదు. 1992లో విభజింపబడుటకు పూర్వమొకే కొరాపుట్టు జిల్లాగా నుండిన సీమలో బోండా, డొంగ్రియా కోంధు స్త్రీలు ధరించు పూసలపేరుల విషయమున ఈ చిక్కు ప్రత్యక్షమగును.

ఈ సీమ 1936 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. ఉప్పు, వస్త్రములు తీరమునుండి కనుమల మీదుగా కొండలకెక్కెడివి. విజయనగరమునుండి రాయగడ మీదుగా రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తయ్యెను. కావున సంతలో కొన్న పూస ఆ సంత చుట్టుపట్ల పుట్టినదని చెప్పరాదు. దూరదేశమునుండి రేవునకు దిగినదియు కావచ్చును.

పూసను భూతద్దముతో చూచునప్పుడు లోని బుడగలే మొదటి సాక్ష్యము. అవి రంధ్రము వెంట నిలువుగా సాగియున్నచో, గాజును గొట్టముగా లాగి ముక్కలు చేసినదని యర్థము. రంధ్రమును చుట్టివచ్చినచో, ఇనుపకడ్డీపై కరగిన గాజును చుట్టి చేసినది. అయితే లాగిన పూసలన్నియు వెనీసువి కావు. తిరుపతి చెంతనున్న పాపానాయుడుపేటలో తెలుగు పనివారు కొలిమిలో కరగిన గాజును బోలు ఇనుపగొట్టమునకు పట్టించి, దానినుండి సన్నని గాజుగొట్టమును లాగుచుండగా, 20వ శతాబ్ది ఉత్తరార్ధమున పరిశోధకులు చూచి వర్ణించిరి. పుదుచ్చేరి చెంత అరికమేడు త్రవ్వకములలోను లాగిన పూసలు విస్తారముగా లభించినవి. ఇట్లు ఈ విద్య దక్షిణదేశమున అతి ప్రాచీనము.

పని తీరొక్కటే చాలనిచోట గాజు పాళ్లను పరీక్షింపవలెను. దక్షిణాసియా ప్రాచీన గాజున పెక్కింట అల్యూమినా హెచ్చుగ నుండును. ఐరోపా గాజున సాధారణముగ తక్కువ. ఈ సాక్ష్యమునకును హద్దు కలదు. పగిలిన సీసాలను కరగించి చేసిన పూసలో పాళ్లు సీసా పుట్టినచోటును తెలుపునే గాని, పూస పుట్టినచోటును తెలుపవు.

మరియు ఒకే పేరులో తాతలనాటి పూసయు, నిన్నటి సంతలో కొన్నదియు పక్కపక్కన నుండవచ్చును. కావున పేరునకంతకు ఒకే జన్మస్థానము చెప్పక, పూసకు పూసగా నిర్ణయింపవలెను. ఎవరినుండి సంక్రమించినది, ఏ సంతలో కొనినది యని ధరించిన స్త్రీ చెప్పు మాటయు సాక్ష్యమే. పేరును త్రెంచి సేకర్తలకు విడివిడిగా అమ్మినచో గాజు మిగులును, ఆ మాట నశించును. అట్టి పూసను ఏ యంత్రము పరీక్షించినను దాని పుట్టుక కొంత తెలియునేమో గాని, ఆ కొండకెక్కిన దారి తెలియదు.