ఆదివారం పని మానిన పల్లెలు

రక్షణకు విశ్వాసం ఒక్కటే చాలా, ఆజ్ఞలు కూడా పాటించాలా? పౌలు రోమీయులకు రాసిన పత్రికనూ యాకోబు పత్రికనూ ఎదురెదురుగా పెట్టి క్రైస్తవులు శతాబ్దాలుగా వాదించుకుంటున్న విషయమిది. మన పడమటి ప్రకాశం మాదిగపల్లెల్లోకి మాత్రం ఈ ప్రశ్న గ్రంథాల్లోంచి రాలేదు. జాతరలో డప్పు కొట్టాలా, మానాలా అన్న రూపంలో వచ్చింది.

1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరకు మొదట వచ్చిన మాదిగల్లో ముఖ్యులు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోళ్ల వ్యాపారం చేసేవారు, రాజయోగం అభ్యసించినవారు. చుట్టరికాలున్న ఊళ్లన్నీ తిరిగి ఆయన చెప్పిన మాటలే ఉద్యమానికి మొదలు.

బాప్టిస్టుల లెక్కలో విశ్వాసం ముందు, నీళ్లలో ముంచడం తర్వాత. పుణ్యకార్యాలతో రక్షణ సంపాదించడమనేది వాళ్ల బోధలో లేదు. అయినా క్లౌ కొత్తవాళ్లకు మూడు కట్టడలు పెట్టారు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

వినడానికి చిన్నవే. ఆచరిస్తే మాత్రం ఊరి వ్యవస్థే కదిలింది. చెప్పులూ కపిల బానలూ కుట్టిచ్చే మాదిగకు చచ్చిన గొడ్డు ఆనవాయితీగా దక్కే హక్కు, కరువులో కడుపు నింపే కూడు. ఆదివారం పని మానితే కోతల వేళ ఆసామికి ఎదురు తిరిగినట్టు. గ్రామదేవత కొలువులో డప్పు మోగకపోతే ఊరంతటికీ అపచారం. కరణం, మునసబు, ఆసాములు కలిసి పని ఆపేశారు, బావుల దారి మూశారు, దెబ్బలూ కొట్టారు. నమ్మానన్న మాటకు మూల్యం అక్కడ చెల్లింది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలు. బాప్తిస్మం అడిగినవారికి మాత్రం కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాకే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ముంచారు. ముందురోజునా మరునాటినా వచ్చినవారితో కలిపితే మూడు రోజుల్లో 3,536 మంది.

ఆ కట్టడలు రక్షణకు వెల కాదని నా అభిప్రాయం. వెట్టికి కట్టుబడ్డ మనిషి తనకూ ఒక యజమాని ఉన్నాడని, ఆ యజమాని ఊరి ఆసామి కాడని పదిమందిలో చెప్పడానికి దొరికిన ఆసరా అవి. ఆజ్ఞ పాటించడం ఇక్కడ విశ్వాసానికి పోటీగా రాలేదు, దాని నోరై వచ్చింది.

మిషనరీల చరిత్రలు అచ్చయ్యాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో మొదట డప్పు దించినవాళ్ల పేర్లు ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. సంఘాల పెద్దలు ఇప్పుడైనా వాటిని రాయించాలి.