ప్రసూతి సెలవు తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్: అది హక్కా, కంపెనీ దయా?

ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతోంది. బిడ్డకు నాలుగు నెలలు దాటి కొద్ది రోజులే అయింది. ఊరి నుంచి వచ్చిన అమ్మ ఎన్నాళ్లని ఉంటుంది? ‘కొన్నాళ్లు ఇంటి నుంచి పనిచేస్తానంటే కంపెనీ ఒప్పుకుని తీరాలా?’ అనే సందేహం చాలామంది ఉద్యోగినులకు సరిగ్గా ఇక్కడే వస్తుంది. సమాధానం దొరక్క రాజీనామా చేసేవాళ్లూ ఉన్నారు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించారు. సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది ఆ సవరణతోనే. ఇంటి నుంచి పని గురించిన నిబంధన కూడా అప్పుడే చేరింది. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. దాంతో ఇవన్నీ ‘సామాజిక భద్రత కోడ్’లోకి మారాయి. సారాంశం మాత్రం అదే.

చేసే పని ఇంటి నుంచి చేయగలిగేదైతే, ప్రసూతి సెలవు వాడుకున్నాక యాజమాన్యం అందుకు అనుమతి ‘ఇవ్వవచ్చు’ అంటోంది చట్టం. ‘ఇవ్వాలి’ అనడం లేదు. ఎన్నాళ్లు, ఏ షరతులపై అన్నది ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. అంటే అడిగే అవకాశం మీకుంది, కాదనే అవకాశం కంపెనీకీ ఉంది. నిజం చెప్పాలంటే ఈ నిబంధనలో బలహీనత అదే. పైగా ఇది సెలవు ‘తర్వాత’ వర్తించేది. 26 వారాలు పూర్తికాకుండానే ‘ఇంట్లోనే ఉన్నారుగా, కాస్త లాగిన్ అవ్వండి’ అంటే అది ఈ నిబంధన కిందికి రాదు.

సెలవును ఎలా విడగొడుతున్నారన్నదీ చూసుకోండి. ప్రసవానికి ముందు గరిష్ఠంగా 8 వారాలు తీసుకోవచ్చు. అవన్నీ ముందే వాడేస్తే తర్వాత మిగిలేది 18 వారాలే. ఆరోగ్యం సహకరించి, డాక్టర్ సరేనంటే ముందు తక్కువ వాడుకుని బిడ్డ దగ్గర ఎక్కువ రోజులు ఉండొచ్చు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే మాత్రం మొత్తం సెలవు 12 వారాలే. డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలన్నది అర్హత.

కాదనడానికి వీల్లేనివి

వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకకపోయినా కొన్నింటిని యాజమాన్యం ఎగ్గొట్టలేదు. 50 లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలి. ఆఫీసు భవనంలోనే ఉండాలని లేదు, నిర్దేశిత దూరంలో ఉంటే చాలు. విశ్రాంతి సమయంతో కలిపి రోజుకు నాలుగుసార్లు తల్లిని అక్కడికి వెళ్లనివ్వాలి. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు, మామూలు విరామానికి అదనంగా, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. ఉద్యోగంలో చేరినప్పుడే ఈ ప్రయోజనాలను లిఖితపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత కూడా కంపెనీదే. మీ ఆఫర్ లెటర్‌తో వచ్చిన కాగితాలు ఒకసారి తిరగేయండి.

ప్రసూతి సెలవులో ఉన్నారన్న కారణంతో తొలగించడం చట్టవిరుద్ధం. తొలగించినా, ప్రయోజనం ఆపేసినా, ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటితే కష్టం.

తండ్రుల సంగతి? ప్రైవేటు ఉద్యోగులకు పితృత్వ సెలవు ఇవ్వాలని ఈ చట్టంలో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులు ఉంది. మిగతావారు కంపెనీ పాలసీ చూసుకోవాల్సిందే.

ఎలా అడగాలి?

సెలవు చివరి వారం దాకా ఆగకండి, కనీసం నెల ముందే కదలండి. మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడినా సరే, తర్వాత హెచ్‌ఆర్‌ను కూడా కలిపి ఈమెయిల్ పెట్టండి. ‘కొన్నాళ్లు’ అనకుండా ఎన్ని నెలలు, వారంలో ఎన్ని రోజులు, ఏ సమయంలో అందుబాటులో ఉంటారో రాయండి. మీ పనిలో ఏవేవి ఇంటి నుంచి ఇబ్బంది లేకుండా సాగుతాయో చెప్పండి. చట్టంలోని ‘పని స్వభావం’ అన్న మాటకు జవాబు అదే. పూర్తిగా కుదరదంటే వారంలో రెండు, మూడు రోజులకైనా అడిగి చూడండి. కుదిరిన షరతులను, కాదంటే అందుకు కారణాన్ని, రాతపూర్వకంగా తీసుకుని వ్యక్తిగత మెయిల్‌లోనూ ఒక కాపీ దాచుకోండి. క్రెష్, విరామాలు, జీతం విషయంలో ఇబ్బంది ఎదురైతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసేటప్పుడు మొదట అడిగేవి ఆ కాగితాలే.