కారిపోయిన వాయువు కథ

మాంట్రియల్ నగరమున 1987 సెప్టెంబరు 16వ తేదీన ఓజోను పొర రక్షణకై కుదిరిన ఒడంబడిక చరిత్రను చెప్పబూనినవారు సాధారణముగా కాలిఫోర్నియా ప్రయోగశాలలతోనో, దక్షిణ ధ్రువపు మంచుతోనో ఆరంభింతురు గాని, సికిందరాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల కర్మాగారముతో మొదలిడుటయే ఉచితమని నాకు తోచుచున్నది. అణ్ణామలై విశ్వవిద్యాలయమున 1965లో పట్టభద్రుడైన వీరభద్రన్ రామనాథన్ అను యువ యింజనీరు కొంతకాలము అచట పనిచేసెను. యంత్రములలో నింపిన శీతలవాయువు ఏల కారిపోవుచున్నదో కనిపెట్టి, దానిని అరికట్టుట ఆయనకు అప్పగింపబడిన పని. అది విషము కాదు, మండదు, కారిపోయినచో సొమ్ము నష్టమేగాని అన్యమైన నష్టమేదియు లేదని ఆనాటివారి నమ్మకము.

ఆ నమ్మకము నిర్హేతుకము కాదు. అంతకు పూర్వము వాడుకయందున్న అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు రాత్రివేళ కారిన యెడల నిద్రించువారి ప్రాణములకే ముప్పు వాటిల్లుచుండగా, 1928లో అమెరికాయందు థామస్ మిడ్జ్‌లీయును ఆయన సహచరులును సాధించిన క్లోరోఫ్లోరోకార్బనులు గృహస్థులకు అభయప్రదానమువలె వచ్చినవి. ఆ వాయువుల సుగుణము జడత్వము, దోషమును అదియే. క్రిందిగాలిలో దేనితోడను కలియక, దేనిచేతను చెడక, ఏండ్ల తరబడి మెల్లగా మీదికి పోయి, అచట అతినీలలోహిత కిరణముల తాకిడికి విచ్ఛిన్నములై, తమలోని క్లోరినును విడిచి, మనకు గొడుగైన ఓజోను పొరను అవి క్షీణింపజేయునని 1974లో షెర్వుడ్ రోలాండ్, మారియో మొలీనా తెలియజేసిరి. మరుసటి యేట, అప్పటికి అమెరికా చేరియున్న రామనాథన్ తాను వెనుక సికిందరాబాదులో వెంబడించిన ఆ వాయువునే మరల చేపట్టి, వేడిమిని నిలుపుటలో బొగ్గుపులుసు వాయువు అణువులు పదివేలకు మించి చేయు పనిని దీని అణువొక్కటియే చేయునని లెక్కగట్టెను. శీతోష్ణస్థితి చర్చలో బొగ్గుపులుసు వాయువునకు తోడు మరియొక దోషి దొరికినది.

1985 మార్చిలో వియన్నాయందు కూడిన దేశములు ఓజోనును రక్షింతుమని పలికినవే గాని, ఎవరెంత తగ్గింపవలయునో పలుకలేదు. రెండు నెలలు గడచునంతలో, అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రము మీది ఆకాశమున వసంతకాలపు ఓజోను మూడింట ఒక వంతుకు మించి తరిగినదని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థకు అధిపతియైన ఈజిప్టు దేశీయుడు ముస్తఫా తోల్బా పట్టుదలగా రాయబారములు నడిపి మాంట్రియల్‌లో క్లోరోఫ్లోరోకార్బనులను తగ్గించు ఒడంబడికపై తొలినాడు ఇరువదినాలుగు దేశములచే వ్రాలు చేయించెను.

అందు భారతదేశము లేదు, చైనాయును లేదు. దీనిని మొండితనమనుట నాకు సమ్మతము కాదు. ఆకాశమున పేరుకొన్న వాయువులో అత్యధికభాగము ధనికదేశముల ఫ్యాక్టరీలనుండి, వారి సుఖములకై వెలువడినదే; మన మధ్యతరగతి యింటికి ఫ్రిజ్ అప్పుడప్పుడే వచ్చుచుండెను. తలకు ఏటికి 0.3 కిలోగ్రాములకన్న తక్కువగా ఆ వాయువులను వాడు వర్ధమాన దేశములకు ఒడంబడిక పదియేండ్ల గడువొసగినమాట నిజము. కాని గడువిచ్చుట వేరు, గడువు ముగిసిననాటికి చేతిలో క్రొత్త యంత్రమును, దానిని చేయు విద్యయు ఉండునట్లు చూచుట వేరు. 1990 జూనులో లండనులో జరిగిన సమావేశమున మన పర్యావరణమంత్రి మేనకా గాంధీ మొదలగువారు పట్టుబట్టినది దీనికొరకే. ఆ వాదము ఫలించి బహుపాక్షిక నిధి యేర్పడెను; మొదటి మూడేండ్లకు 16 కోట్ల డాలర్లనియు, భారత చైనాలు చేరినచో 24 కోట్లనియు నిర్ణయించిరి. 1991లో చైనా, 1992లో భారతదేశము చేరినవి. అపరాధము అందరిదీ సమానము కాదని అంగీకరించి, ఆ అంగీకారమును డబ్బురూపమున పుస్తకమున కెక్కించుటయే ఈ ఒడంబడికకు ప్రాణమని నా అభిప్రాయము. కర్మాగారములు మార్చుటకే గాక, మరమ్మతువేళ పాతగ్యాసును గాలికి వదలక సిలిండరులోనికి పట్టుట మెకానిక్కులకు నేర్పుటకును ఆ సొమ్ము వ్యయమైనది.

బొగ్గుపులుసు వాయువు విషయమున 1997 నాటి క్యోటో ఒప్పందమునకు ఇట్టి భాగ్యము కలుగలేదు. అమెరికా దానిని ఆమోదింపలేదు. పైగా కొన్ని ఫ్యాక్టరీల సరకునకు బదులు వెదకుటకును, ప్రతి పొయ్యినుండియు, ప్రతి బండినుండియు వెలువడుదానిని అదుపుచేయుటకును గల అంతరమును విస్మరింపరాదు.

2010 నాటికి క్లోరోఫ్లోరోకార్బనుల వాడుక వర్ధమాన దేశములందును దాదాపు ముగిసెను. వానికి బదులుగా వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బనులు ఓజోనును తాకవు గాని వేడిమిని మిక్కిలిగా పట్టియుంచును. అందుచే 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీయందు దేశములు తిరిగి కూడి, పాత పద్ధతిననే వేరువేరు గడువులు పెట్టుకొని, రాత్రియెల్ల చర్చించి తెల్లవారునప్పటికి సవరణను ఆమోదించినవి. భారతదేశము దానిని 2021లో ధ్రువీకరించి, 2028లో వాడుకను స్థిరపరచి 2047 నాటికి నూటికి ఎనుబదియైదు పాళ్లు తగ్గింప నంగీకరించినది. ఈ మధ్యకాలమంతయు మన వీధిలో ఏసీ బాగుచేయు కుఱ్ఱవాడు రాగిగొట్టపు అతుకునకు సబ్బునురుగు పూసి, బుడగ లేచునా యని వంగి చూచుచునే యుండును.