వెనక బెంచీకి వినపడుతోందా?

మన బడిలో చదివినవాళ్లెవరికీ ఈ ప్రశ్న కొత్త కాదు. పాఠం మధ్యలో సుద్దముక్క పైకెత్తి మాస్టారు అడిగేవారు: "వెనక బెంచీ, వినపడుతోందా?" వినపడినా వినపడకపోయినా "వినపడుతోంది సార్" అని గట్టిగా అరిచేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. ఇంజనీరు తన ఉద్యోగం గురించి రాస్తే ఎవరూ చదవరని నాకు తెలుసు. అందుకని నాకు ఇష్టమైన సంగతి ఒకటి ఎంచుకున్నాను. రాక్ కచేరీల్లో ఆఖరి వరుసలో నిలబడ్డ మనిషికి పాట వినపడేలా చెయ్యడానికి ఎవరెవరు ఎంత తంటాలు పడ్డారన్నది ఆ సంగతి. దీనికీ మన బడికీ ఏం సంబంధమని అడగకండి. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

2003 ఏప్రిల్ 4, శుక్రవారం. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ. 1962లో లండన్‌లో మొదలైన ఆ బృందం మన దేశంలో పాడడం అదే మొదటిసారి. పాడే మిక్ జాగర్‌కు అప్పటికి 59 ఏళ్లు, డ్రమ్స్ వాయించే చార్లీ వాట్స్‌కు 61. నా జేబుకు తగ్గ టికెట్టు కనుక చాలా వెనక నిలబడ్డాను. అక్కణ్ణుంచి జాగర్ నా చిటికెన వేలి గోరంత ఉన్నాడు. అయినా ఆ రాత్రిని మరిచిపోలేను. ముక్కూ మొహం తెలియనివాళ్లతో కలిసి గొంతు పోయేదాకా పాడాను. పక్కనే తెల్లజుట్టు పెద్దాయన ఒకరు చెప్పులు చేత్తో పట్టుకుని గంతులేశారు.

తిరిగొస్తూ స్కూటరు వెనక కూర్చున్న నాకు ఒకటే ఆలోచన. అంత దూరంలో ఉన్నా గిటారు తీగ మీటిన ప్రతిసారీ విడివిడిగా, స్పష్టంగా ఎలా వినపడింది?

ఈ ఆశ్చర్యానికి కారణం మన బడి వార్షికోత్సవాలే. వేదిక దగ్గర ఒక హారన్ స్పీకరు, గేటు దగ్గర ఇంకొకటి కట్టేవారు, గుర్తుందా? మధ్యలో కూర్చున్నవాళ్లకు హెడ్మాస్టరు గారి ప్రతి మాటా రెండుసార్లు వినపడేది. "విద్యార్థులారా... ద్యార్థులారా" అని మనం ఏడాది పొడుగునా వెక్కిరించేవాళ్లం. దాని కారణం మా ఫిజికల్ సైన్సు మాస్టారు ఒక సాయంత్రం మైదానంలోనే చూపించారు. ఒక కుర్రాణ్ణి అవతలి చివర నిలబెట్టి పలక మీద కర్రతో కొట్టమన్నారు. కర్ర తగలడం ముందు కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది. "తీగలో కరెంటుకు ఆలస్యం లేదు, గాలిలో శబ్దానికి ఉంది. రెండు హారన్లూ ఒకేసారి మోగుతాయి. నీకు దగ్గరది ముందు చేరుతుంది, దూరంది తర్వాత చేరుతుంది. అంతేరా" అన్నారు. ఆ "అంతేరా"ను పరిష్కరించడానికి ప్రపంచంలోని పెద్ద పెద్ద కచేరీలవాళ్లకు కొన్ని దశాబ్దాలు పట్టింది.

కథ 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో మొదలుపెట్టవచ్చు. ఆ రాత్రి బీటిల్స్ పాట వినడానికి 55 వేల మందికి పైగా వచ్చారు. అప్పటికి ఏ పాప్ కచేరీకీ అంత జనం రావడం ఎరగరు. వాక్స్ కంపెనీ వాళ్ల కోసం 100 వాట్ల ఆంప్లిఫయర్లు తయారుచేసింది. ఇవాళ అంత శక్తి ఒక చిన్న ఫంక్షన్ హాలుకు కూడా చాలదు. గొంతులకైతే బేస్‌బాల్ ఆటలో ప్రకటనలు చేసే స్టేడియం స్పీకర్లే ఆధారం. అభిమానుల కేకల్లో అదంతా మునిగిపోయింది. పాడేవాళ్లకే తమ పాట వినపడలేదు. ముందున్నవాళ్ల ఊపును చూసి, పాట ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకుంటూ డ్రమ్స్ వాయించేవాణ్ణని రింగో స్టార్ తర్వాత రోజుల్లో చెప్పుకున్నాడు. ఏడాది తిరిగేసరికి, 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి టికెట్టు కచేరీ చేసి, బీటిల్స్ పర్యటనలు మానేశారు. ఎవరికీ వినపడని పాట పాడీ పాడీ విసుగెత్తడం కూడా అందుకు ఒక కారణం.

అందరికీ మొదట తోచిన మందు ఒకటే: వాట్లు పెంచడం. లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపే జిమ్ మార్షల్, ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ లాంటివాళ్ల కోసం 100 వాట్ల ఆంప్లిఫయర్లు చేసి, స్పీకరు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. 1967లో విండ్సర్ ఉత్సవంలో చార్లీ వాట్కిన్స్ అనే ఆయన 1000 వాట్ల ఏర్పాటు చేసి అందరినీ నివ్వెరపరిచాడు.

కానీ వాట్లను పెంచుకుంటూ పోతే లెక్క గిట్టుబాటు కాదు. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి. పైగా మామూలు స్పీకరు నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. వేదిక దగ్గరే అంతా కుమ్మరిస్తే ముందువాళ్లకు చెవులు పగులుతాయి, వెనకవాళ్లకు గుసగుస మిగులుతుంది.

ఈ చిక్కును తెలివిగా ఎదుర్కొన్న తొలి మనుషుల్లో బిల్ హాన్లీ ఒకడు. మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్ అతని ఊరు. 1969 ఆగస్టులో జరిగిన వుడ్‌స్టాక్‌కు శబ్దం ఏర్పాటు చేసింది అతనే. ముందనుకున్న స్థలంలో అనుమతి రాక, ఉత్సవానికి నెల రోజులు మాత్రమే ఉండగా బెథెల్ అనే చోట ఒక పాడి రైతు పొలానికి మారవలసి వచ్చింది. ఆ పొలం గిన్నెలా వాలుగా ఉండడం కలిసొచ్చింది. హాన్లీ వేదికకు రెండు పక్కలా ఎత్తయిన మంచెలు కట్టించి, స్పీకర్లను వాటి మీదికెక్కించి వాలుకు గురిపెట్టాడు. ముందువాళ్ల తలల మీదుగా శబ్దం వెనక్కు పోయింది. నాలుగు లక్షల పైచిలుకు జనం, వాన, బురద, తిండి కొరత. అంతమందిని అదుపులో ఉంచిన వాటిలో మైకు ఒకటి. లైటింగు పనికి వచ్చిన చిప్ మాంక్ అనే ఆయన వేదిక మీదినుంచి ఓపిగ్గా ప్రకటనలు చేస్తూనే ఉన్నాడు. ఆ మాటలు వెనకదాకా చేరకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

తర్వాతి అడుగు 1973 జులై 28న పడింది. న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ అనే రేసు ట్రాకు దగ్గర మూడు బృందాలు పాడితే సుమారు ఆరు లక్షల మంది వచ్చారు. వేదిక దగ్గరి స్పీకర్లు ఎంత ఎత్తున కట్టినా అందనంత పెద్ద మైదానం అది. అందుకని జనం మధ్యలో కూడా స్పీకరు మంచెలు నిలబెట్టారు. ఇక్కడే మన గేటు దగ్గరి హారను గొడవ మళ్లీ వచ్చింది. వాళ్లు చేసిన పని ఏమిటంటే, మధ్య మంచెకు పంపే సంకేతాన్ని అప్పుడే వచ్చిన డిజిటల్ యంత్రాలతో ఆపి, వేదిక నుంచి శబ్దం గాలిలో అక్కడికి నడిచొచ్చేదాకా కాచుకోమన్నారు. రెండూ కలిసి చేరితే ఒకే పాట అవుతుంది.

ఈ ఉపాయం వాళ్లు కనిపెట్టింది కాదు. దూరం నుంచి వచ్చిన శబ్దం వెనకాలే మరో పది, ఇరవై మిల్లీసెకన్లకు అదే శబ్దం ఇంకో చోటి నుంచి వస్తే, రెండోది కాస్త గట్టిగా ఉన్నా మన చెవి ముందు వచ్చిన దిక్కునే నమ్ముతుందని జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో చూపించాడు. 1950ల మొదట్లో లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో, తిరిగే అయస్కాంత చక్రం మీద మాటను రికార్డు చేసి కాస్త ఆలస్యంగా వెనక స్పీకర్లకు పంపేవారు. ప్రార్థన మందిరంలో ప్రసంగం వెనక వరుసకు అందాలని చేసిన పని, ఇరవై ఏళ్ల తర్వాత గిటార్ల కచేరీకి అక్కరకొచ్చింది.

1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఇంకో దారి తొక్కింది. సుమారు 600 స్పీకర్లను గోడలా పేర్చి పాడేవాళ్ల వెనకే నిలబెట్టారు. జనం వింటున్నదే పాడేవాళ్లూ వినాలన్నది వాళ్ల పట్టుదల. స్పీకర్ల ముందు మైకు పెడితే కీచుమని అరుస్తుంది కదా! అందుకని ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు ఎదురు దశలో కలిపి, ఒకదానిలోనే పాడమన్నారు. రెండింటిలోనూ సమానంగా పడే గోడ చప్పుడు రద్దయి, గొంతు ఒక్కటే మిగిలేది. 26 వేల వాట్లకు పైగా శక్తి, 75 టన్నుల సామాను. అద్భుతంగా వినిపించేదట. కానీ ఊరూరా మోయడానికి ఖర్చు తట్టుకోలేక అదే ఏడాది అక్టోబరుకల్లా విప్పేశారు.

ఇవాళ మనం ఏ పెద్ద సభకు వెళ్లినా వేదికకు రెండు పక్కలా అరటిగెలల్లా వేలాడే స్పీకర్ల వరసలు కనిపిస్తాయి. ఆ పద్ధతిని 1992లో ఇప్పటి రూపానికి తెచ్చింది క్రిస్టియన్ హైల్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త. నిలువు వరసగా చేరిన స్పీకర్లు ఒక్కటిగా పనిచేస్తే, కొంత దూరం వరకు శబ్దం రెట్టింపు దూరానికి 6 డెసిబెల్స్ బదులు 3 మాత్రమే తగ్గుతుంది. అంటే ముందువాడి చెవి పగలగొట్టకుండానే వెనకవాడికి అందుతుంది.

ఈ చరిత్రలో వాట్ల పందెం మిగిల్చిన నష్టం కూడా చెప్పాలి. 1976లో ద హూ బృందాన్ని ప్రపంచంలోకెల్లా గట్టిగా మోగే బృందంగా గిన్నిస్ పుస్తకం ఎక్కించుకుంది. తర్వాత చెవులకు చేటని ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఆ బృందం గిటారిస్టు టౌన్‌షెండ్ తన చెవులు దెబ్బతిన్న సంగతి బాహాటంగా చెప్పి, కుర్రవాళ్లను హెచ్చరించాడు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు పనిచెయ్యవచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పావుగంట. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కచేరీ స్థలాలకు సగటున 100 డెసిబెల్స్ దాటవద్దని ప్రమాణం పెట్టింది.

ఈ లెక్కలు నాకు ఆలస్యంగా తెలిశాయి. బెంగళూరు రాత్రి తర్వాత కొన్నేళ్లకు, వేరే ఊళ్లో ఒక కార్యక్రమంలో ఈసారి ముందుండాలన్న ఆశతో స్పీకరు బాక్సు పక్కనే రెండు గంటలు నిలబడ్డాను. తప్పు నాదే. అప్పటినుంచి ఎడమ చెవిలో కీచురాయి కూత ఆగలేదు. కిందటేడు మన పూర్వ విద్యార్థుల కలయికలో ఆ ఫిజికల్ సైన్సు మాస్టారే నా ఎడమ పక్కన కూర్చుని ఏదో అడిగారు. నాకు వినపడలేదు. "ఏమన్నారు సార్?" అన్నాను. ఆయన చెవికి మెషిను ఉంది, ఆయనకు నా మాట వినపడలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆయన అడిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే స్వర్ణోత్సవ సభకు సౌండు సంగతి చూడమని కమిటీవాళ్లు అంటే వెంటనే ఒప్పుకున్నాను. వేదిక ముందు నిలువెత్తు బాక్సులు వద్దన్నాను. ముందు వరుసలో కూర్చునేది మన గురువులు, వాళ్లలో చాలామందికి ఎనభై దాటాయి. చెవి మెషిను పెట్టుకున్నవాళ్లకు కావలసింది హోరు కాదు, స్పష్టమైన మాట. వేదిక దగ్గరి స్పీకర్లు కాస్త ఎత్తున, తక్కువ మోతతో ఉంటాయి. నలభై మీటర్ల దూరంలో వేపచెట్టు దగ్గర ఇంకో రెండు చిన్నవి ఉంటాయి. మన ఊరి సాయంత్రం 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. నలభై మీటర్లకు 115 మిల్లీసెకన్లు, హాస్ గారి లెక్క ప్రకారం పైన ఇంకో 15. వేపచెట్టు స్పీకర్లు ప్రతి మాటకూ 130 మిల్లీసెకన్లు ఆగి మాట్లాడతాయి. కనుక ఈసారి "ద్యార్థులారా" ఉండదు. వెక్కిరించే అవకాశం పోయినందుకు మా బ్యాచి మిత్రులు క్షమించాలి.

సభ మొదలయ్యే ముందు మైకు పరీక్ష చేసేది నేనే. "హలో, వన్, టూ, త్రీ" అనను. ఏమడుగుతానో మీకు తెలుసు. వినపడకపోతే మాత్రం, మనం చిన్నప్పుడు చేసినట్టు కాకుండా, దయచేసి చెయ్యెత్తి నిజం చెప్పండి.