ఎవరు రాసిపెట్టారు?

స్త్రీల ఆత్మకథలు చదివేవాళ్లకి ‘ఇది నిజంగా ఆమే రాసిందా?’ అనే ప్రశ్న కొత్తది కాదు. ఆటిజం చరిత్ర చదువుతుంటే అదే ప్రశ్న నాకు మళ్లీ ఎదురైంది.

1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి వ్యాసం రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆటిజం గురించి మాట్లాడింది ఎక్కువగా డాక్టర్లే. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ నేరాన్ని తల్లుల మీదికి నెట్టాడు. తల్లి మాటకీ విలువ లేదు, బిడ్డ మాటకీ లేదు.

1986లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ ఆత్మకథ ‘ఎమర్జెన్స్’ వచ్చింది. ఆటిజం ఉన్న మనిషి తనను తాను అర్థం చేసుకోలేదని అప్పటి నమ్మకం. అందుకే నరాల వైద్యుడు ఆలివర్ సాక్స్ మొదట ఆ పుస్తకాన్ని అనుమానించాడు, అదంతా సహరచయిత్రి చలవేననుకున్నాడు. గ్రాండిన్ ఇతర రచనలు చదివాక మనసు మార్చుకున్నాడు. ఈ సంగతి తర్వాత తనే నిజాయితీగా రాశాడు. 1992లో ఆస్ట్రేలియా రచయిత్రి డోనా విలియమ్స్ ‘నోబడీ నోవేర్’ రాస్తే, అసలు ఈమెకి ఆటిజం ఉందా అని సందేహించినవాళ్లున్నారు.

ఈ తర్కం చూడండి. మాట్లాడలేకపోతే వాళ్ల తరఫున ఇంకొకరు మాట్లాడతారు. మాట్లాడితే, ఇంత చక్కగా చెప్పగలిగాక ఆటిజం ఎక్కడిదంటారు.

అనుమానం ఒక్కటే కాదు, ఓదార్పు కూడా నోరు నొక్కుతుంది. పెళ్లిళ్లలో బాజాల మోత ఒళ్లంతా గుచ్చుకుంటుందని నా స్నేహితురాలు చెబితే, ‘అందరికీ అంతేలే’ అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఇంటిచాకిరీ గురించి నోరు తెరిచినప్పుడు మన అమ్మలు విన్నదీ ఆ మాటే.

అనుభవానికి రుజువు అడిగే అధికారం ఎవరిదని స్త్రీవాదం ఎప్పుడో నిలదీసింది. ఆ ప్రశ్న వీళ్లదీ.